తులం బంగారం ఫ్రీ, రిజిస్ట్రేషన్ ఫ్రీ: ఫ్లాట్ల ఆఫర్ల వెనక అసలు లెక్క

2022 మే నెలలో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో ఒక బిల్డర్ వింత ప్రకటన చేశాడు. అక్కడి ఛీ జిల్లా వెల్లుల్లి పంటకు పేరున్న ప్రాంతం. ఇల్లు కొనే రైతులు డౌన్ పేమెంట్ కింద డబ్బుకు బదులు వెల్లుల్లి తెచ్చి ఇవ్వొచ్చని, అరకిలోకు 5 యువాన్ల చొప్పున లెక్క కడతామని ఆ ప్రకటన సారాంశం. జూన్‌లో అదే రాష్ట్రంలో గోధుమలకూ ఇలాంటి ఆఫరే వచ్చింది. అరకిలోకు 2 యువాన్లు, మొత్తం లక్షా 60 వేల యువాన్ల దాకా. ఈ వార్త చదివి ప్రపంచమంతా నవ్వుకుంది.

కానీ బిల్డర్‌కు కావాల్సింది వెల్లుల్లి కాదు. పంటకు అతను కట్టిన ధర అప్పటి మార్కెట్ ధర కంటే ఎక్కువ. ఆ ఎక్కువ ఇచ్చినంత మేరా ఇంటి ధర తగ్గినట్టే. కాకపోతే కాగితం మీద ఇంటి రేటు మాత్రం కదలదు. ధర తగ్గించాలి, కానీ తగ్గించినట్టు కనిపించకూడదు. అమ్మకాలు పడిపోయినప్పుడు ఏ దేశంలోనైనా, ఏ ఊరిలోనైనా వచ్చే ఆఫర్లలో చాలావాటి వెనక ఉండే లెక్క ఇదే.

చైనాలో దీనికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. 2021 ఆగస్టులో హునాన్ రాష్ట్రంలోని యుయాంగ్ నగర అధికారులు, ముందుగా నమోదు చేసిన ధరలో 85 శాతం కంటే తక్కువకు ఇళ్లు అమ్మకూడదని ఆదేశించారు. తర్వాత ఇంకొన్ని నగరాలూ అదే దారి పట్టాయి. ధర తగ్గితే పాత కొనుగోలుదారులు ఊరుకోరని పాలకులకు తెలుసు. 2011లో షాంఘైలో బిల్డర్లు రేట్లు తగ్గించినప్పుడు, అంతకుముందు ఎక్కువ పెట్టి కొన్నవాళ్లు సేల్స్ ఆఫీసుల మీదికి వెళ్లి గొడవ చేశారు.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ రేటు తగ్గించొద్దని ఏ ప్రభుత్వమూ బిల్డర్లను ఆపలేదు. అయినా మార్కెట్ నెమ్మదించిన ప్రతిసారీ హోర్డింగుల మీద చదరపు అడుగు రేటు తగ్గినట్టు కనిపించడం అరుదు. బదులుగా తులం బంగారం, మాడ్యులర్ కిచెన్, ఏసీలు, స్కూటర్, రిజిస్ట్రేషన్ ఫ్రీ, జీఎస్టీ ఫ్రీ, పొజెషన్ దాకా ఈఎంఐ లేదు, నెలనెలా గ్యారంటీ అద్దె, ఇలా రకరకాల పేర్లు కనిపిస్తాయి.

రేటు ఎందుకు తగ్గించరు అంటే కారణాలు చాలానే ఉన్నాయి. నాలుగో అంతస్తులో ఫ్లాటును 5,000 చొప్పున కొన్న వ్యక్తి, ఐదో అంతస్తు 4,500కే ఇచ్చారని తెలిస్తే మరునాడే ఆఫీసులో కూర్చుంటాడు. ప్రాజెక్టుకు అప్పిచ్చిన బ్యాంకు, మిగిలిన ఫ్లాట్ల విలువ కూడా తగ్గిందని లెక్కేసుకుంటుంది. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ మీద స్థలం ఇచ్చిన యజమానికి తన వాటా కింద కొన్ని ఫ్లాట్లు ఉంటాయి, వాటి ధర పడితే అతనూ గొడవకు దిగుతాడు. అన్నిటికంటే పెద్ద భయం ఇంకొకటి: రేటు ఒకసారి తగ్గిందని జనానికి తెలిస్తే, ఇంకా తగ్గుతుందేమోనని కొనేవాళ్లు ఆగిపోతారు. అందుకే రేటు బోర్డు అలాగే ఉంటుంది, బహుమతులు మారుతుంటాయి.

అంటే బహుమతి ఇస్తున్నారంటే, అంత మేరా ధర తగ్గించే స్థితిలో బిల్డర్ ఉన్నాడని అర్థం. బేరం మొదలు పెట్టాల్సింది అక్కడినుంచే.

గిఫ్టా, రేటు తగ్గింపా?

ఒక ఉదాహరణ వేసుకుందాం. 1,200 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగుకు రూ. 5,000. మొత్తం 60 లక్షలు. దానితోపాటు నాలుగు లక్షల విలువైన కిచెన్, ఏసీలు, బంగారం ఇస్తామంటున్నారు. ఇంకో దారి, గిఫ్టులేవీ వద్దని చెప్పి 56 లక్షలకు అడగడం. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ కాదు.

తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. మ్యుటేషన్ చార్జీ మరో 0.1 శాతం. ఇది అగ్రిమెంట్‌లో రాసిన ధర మీద పడుతుంది (ప్రభుత్వ మార్కెట్ విలువ అంతకంటే ఎక్కువైతే దాని మీద). నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ అదనం. ధర నాలుగు లక్షలు తగ్గితే ఈ రెండింటి మీదే దాదాపు 50 వేలు మిగులుతాయి. అదే గిఫ్టులు తీసుకుంటే, ఆ గిఫ్టుల విలువ మీద కూడా స్టాంపు డ్యూటీ కడుతున్నట్టే. పైగా ఆ నాలుగు లక్షలు బిల్డర్ చెప్పిన లెక్క. వంద కిచెన్లు ఒకేసారి ఆర్డరిచ్చేవాడికి ఒక్కోటి ఎంతకు పడుతుందో ఎవరికీ చెప్పడు.

జీఎస్టీ ఫ్రీ అనే మాటలో ఇంకో కిటుకు ఉంది. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటు మీద చట్టప్రకారమే జీఎస్టీ లేదు. అలాంటి రెడీ ఫ్లాటుకు జీఎస్టీ ఫ్రీ అని రాస్తే లేనిదాన్ని దానం చేసినట్టు. కట్టడం నడుస్తున్న ఫ్లాటు మీద మాత్రం పన్ను తప్పదు, దాన్ని మాఫీ చేసే అధికారం బిల్డర్‌కు లేదు. అతను దాన్ని ధరలో కలిపి అమ్ముతాడు, అంతే. అందులో తప్పేమీ లేదు. కాకపోతే పక్క ప్రాజెక్టుతో పోల్చేటప్పుడు రెండు ధరలనూ పన్నులతో సహా పక్కపక్కన పెట్టుకోవాలి. కార్ పార్కింగ్, క్లబ్ హౌస్, కార్పస్ ఫండ్, నీళ్లు-కరెంటు కనెక్షన్ చార్జీలు కూడా అందులో రావాలి. ఒక చేత్తో రిజిస్ట్రేషన్ ఫ్రీ ఇచ్చి, ఇంకో చేత్తో ఎమినిటీస్ పేరుతో మూడు లక్షలు లాగేస్తే ఫ్రీ ఏమున్నట్టు?

పొజెషన్ దాకా ఈఎంఐ లేదు అంటే

ఈ ఆఫర్‌లో రెండు రకాలున్నాయి. పేరు ఒక్కటే, లోపల ఉన్నది పూర్తిగా వేరు.

మొదటిది, 20 శాతం ఇప్పుడు, మిగతా 80 శాతం తాళం చేతికిచ్చేటప్పుడు. మధ్యలో బ్యాంకు లేదు. ధర ముందే ఖరారైంది. కట్టడం ఆలస్యమైతే బిల్డర్ డబ్బే ఆగుతుంది. మార్కెట్ డల్‌గా ఉన్నప్పుడు కొనేవాళ్లకు దొరికే మంచి బేరాల్లో ఇదొకటి. వాయిదాల పద్ధతిలో ధర నగదు ధర కంటే కొంచెం ఎక్కువున్నా, ఒప్పందం నాడే ఒకే ధర తేలిపోయి, ఆలస్యమైన కొద్దీ పెరగకుండా ఉంటే, అది వడ్డీ కాదు, వ్యాపారమేనని ఫుఖహాల్లో అత్యధికులు అన్నారు. అగ్రిమెంట్‌లో మాత్రం ఆలస్య రుసుము, వడ్డీ అనే క్లాజులు ఎలా ఉన్నాయో చూసి ముఫ్తీ సాహెబ్‌ను అడగడం మేలు.

రెండో రకాన్ని సబ్‌వెన్షన్ స్కీం అంటారు. ఇందులో 20 శాతం కొనుగోలుదారు కడతాడు, 80 శాతం అతని పేరు మీద బ్యాంకు లోన్ తీసి ఒకేసారో, ఒకట్రెండు విడతల్లోనో బిల్డర్ చేతికి ఇస్తారు. పొజెషన్ దాకా ఆ లోన్ వడ్డీ బిల్డర్ కడతానంటాడు. 60 లక్షల ఫ్లాటులో లోన్ 48 లక్షలు అనుకుందాం. వడ్డీ 9 శాతమైతే నెలకు 36 వేలు. మూడేళ్లకు దాదాపు 13 లక్షలు. బిల్డర్ అంత దయ ఎందుకు చూపిస్తున్నాడు? ఎందుకంటే అతని సొంత పేరు మీద అప్పు తెస్తే అంతకంటే ఎక్కువ వడ్డీ పడుతుంది, ఒక్కోసారి అసలు పుట్టదు కూడా. ఇంటి లోన్ చవక. కాబట్టి కొనేవాడి పేరు మీద, కొనేవాడి జీతం మీద, బిల్డర్ అప్పు తెచ్చుకుంటున్నాడన్నమాట.

బిల్డర్ బాగున్నంతకాలం ఇది నడుస్తుంది. అతను చేతులెత్తేసిన నెల నుంచి బ్యాంకు ఫోన్ వచ్చేది కొనుగోలుదారుడికే. ఢిల్లీ చుట్టుపక్కల నోయిడా, గురుగ్రామ్‌లలో వేలాది కుటుంబాలు ఇలాగే ఇరుక్కుపోయాయి. ఫ్లాటు రాలేదు, అద్దె ఇంట్లో ఉంటూ ఈఎంఐ కట్టాల్సి వచ్చింది. సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, బిల్డర్లూ బ్యాంకులూ కుమ్మక్కయ్యారన్న ఆరోపణల మీద సీబీఐ విచారణకు ఆదేశించింది. 2025 జూలైలో 22 కేసులు నమోదు చేయడానికి అనుమతి ఇచ్చింది. నిజానికి 2013 సెప్టెంబర్‌లోనే రిజర్వు బ్యాంకు, ఇంటి లోన్ డబ్బు కట్టడం జరిగిన దశలను బట్టి మాత్రమే విడుదల కావాలని బ్యాంకులకు చెప్పింది. 2019 జూలైలో నేషనల్ హౌసింగ్ బ్యాంకు, బిల్డర్ వడ్డీ కట్టే లోన్లు ఇవ్వొద్దని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు సూచించింది. హెచ్చరికలు లేక కాదు జనం మునిగింది.

వడ్డీ మనం కట్టం కదా, బిల్డరే కడతాడు కదా, ఇక మనకేం దోషం అనే మాట కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది. లోన్ కాగితాల మీద రుణగ్రహీతగా సంతకం ఎవరిదో చూస్తే ఆ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. వడ్డీ ఒప్పందం బ్యాంకుకూ కొనుగోలుదారుకూ మధ్య జరిగింది. బిల్డర్ ఆ భారం మోస్తానని ఇచ్చిన మాట వేరే కాగితం.

వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలకే ఎక్కువ ప్రమాదం ఎక్కడ?

ఇది కొంచెం ఆగి చెప్పుకోవాల్సిన సంగతి. బ్యాంకు లోన్ వద్దనుకున్న కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు, ఊళ్లో అమ్మిన స్థలం డబ్బు, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బు కలిపి ఒకేసారి కడుతుంది. సరిగ్గా అలాంటి వాళ్ల కోసమే తయారైనట్టుంటుంది ప్రీ-లాంచ్ ఆఫర్. మొత్తం డబ్బు ఇప్పుడే కట్టేస్తే మార్కెట్ ధరలో మూడో వంతు తగ్గింపు. లోన్ గొడవ లేదు, వడ్డీ లేదు. వినడానికి హలాల్‌గా, లాభంగా కూడా ఉంటుంది.

అయితే బ్యాంకు లోన్ తీసుకునేవాడికి తెలియకుండానే ఒక కాపలా దొరుకుతుంది. బ్యాంకు తన డబ్బు కోసం స్థలం టైటిల్, లింకు డాక్యుమెంట్లు, అనుమతులు లాయర్‌తో చూపించుకుంటుంది. మొత్తం నగదుతో కొనేవాళ్లకు ఆ కాపలా లేదు. బంధువొకరు కొన్నారు, మసీదులో పరిచయమైన ఏజెంటు చెప్పాడు, ఇదే నమ్మకం. అదే పది, ఇరవై వేలు లాయర్‌కు ఇచ్చి కాగితాలు చూపించుకోవడానికి మాత్రం చెయ్యి రాదు.

చట్టం ఇక్కడ చాలా స్పష్టంగా ఉంది. 2016 రెరా చట్టం సెక్షన్ 3 ప్రకారం, 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోనో, 8 ఫ్లాట్లకు మించిన కట్టడంలోనో, రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. సెక్షన్ 13 ప్రకారం, సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ఫ్లాటు ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. అంటే అనుమతులు రాకముందే మొత్తం డబ్బు అడిగే ఆఫర్ ఎంత చవగ్గా ఉన్నా, అడగడమే చట్టవిరుద్ధం. రిజిస్టరైన ప్రాజెక్టులో కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం, స్థలానికీ కట్టడానికీ మాత్రమే వాడేలా వేరే ఖాతాలో ఉంచాలి. ప్రీ-లాంచ్ డబ్బుకు ఆ ఖాతా లేదు. అది ఇంకో స్థలం అడ్వాన్సుకు పోతుందో, పాత ప్రాజెక్టు అప్పుకు పోతుందో అడిగేవాళ్లు ఉండరు.

కొందరు అవిభాజ్య స్థల వాటా, అంటే యూడీఎస్, ముందే రిజిస్టర్ చేసి ఇస్తామంటారు. దానివల్ల స్థలంలో ఒక ముక్కకు హక్కు వస్తుంది, ఫ్లాటుకు కాదు. అనుమతి రాకపోతే ఆ ముక్కను ఒంటరిగా ఏం చేసుకోవాలో తెలియదు. వందల మంది వాటాదారులతో కలిసి కోర్టుకెక్కడమే మిగులుతుంది. తన దగ్గర లేని సరుకును అమ్మకూడదని హదీసులో ఉంది. ఇల్లు కట్టించి ఇచ్చే ఇస్తిస్నా ఒప్పందానికి ఫిఖ్‌లో అనుమతి ఉన్నా, కట్టేది ఏమిటో, ఎక్కడో, ఏ కొలతలతోనో స్పష్టంగా తేలి ఉండాలి. అనుమతి ప్లానే లేని టవర్‌లో పన్నెండో అంతస్తు అమ్మకం ఈ షరతులో నిలుస్తుందా అనేది ఉలమాను నేరుగా అడగాల్సిన ప్రశ్న.

గ్యారంటీ అద్దె కథ కూడా దీనికి దగ్గరదే. 50 లక్షలు కడితే కట్టడం పూర్తయ్యేదాకా నెలకు 50 వేలు ఇస్తామంటారు. ఇంకా గోడలే లేవని గుర్తు పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరూ ఉండకుండా వచ్చేదాన్ని అద్దె అనలేం. అది కట్టిన డబ్బు మీద ఏడాదికి 12 శాతం నికర రాబడి, పేరు మార్చుకున్న వడ్డీ. ఆ డబ్బు వచ్చేది కొత్తగా చేరేవాళ్ల నుంచి కావచ్చు, లేదా కట్టినవాడి డబ్బే తిరిగి అతని చేతిలో పడుతుండొచ్చు. ఏడాదిన్నర తర్వాత ఎక్కువ ధరకు మేమే తిరిగి కొంటామనే బై-బ్యాక్ కూడా ఈ కోవలోదే. అనుమతి లేకుండా జనం నుంచి డిపాజిట్లు తీసుకోవడాన్ని 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం నేరంగా చేసింది. ఫ్లాటు అమ్మకం ముసుగులో డిపాజిట్లు తీసుకున్నారని తేలితే ఆ చట్టం కిందా కేసు పెట్టొచ్చు.

నగదులో కొంత ఇస్తే ఇంకో రెండు లక్షలు తగ్గిస్తాం అనే బేరం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం కుదరదు. ఆ డబ్బు అగ్రిమెంట్‌లో ఉండదు, కాబట్టి ప్రాజెక్టు ఆగిపోతే రెరాలో ఆ డబ్బును తిరిగి అడగడానికి రుజువూ ఉండదు.

ప్రభుత్వం ఇచ్చే తగ్గింపు వేరు

2020 లాక్‌డౌన్ తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం స్టాంపు డ్యూటీని 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గించింది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా 2 శాతం, తర్వాత 2021 మార్చి దాకా 3 శాతం. ఇది నిజమైన తగ్గింపు. అందరికీ ఒకేలా వర్తించింది, తేదీ ముందే తెలుసు, బిల్డర్ దాచేందుకు ఏమీ లేదు. అమెరికాలో 2008 మాంద్యంలో మొదటిసారి ఇల్లు కొనేవారికి మొదట 7,500 డాలర్లు, 2009లో 8,000 డాలర్ల దాకా పన్ను రాయితీ ఇచ్చారు. అందులోనూ చూడాల్సిన తేడా ఒకటుంది. 2008లో ఇచ్చింది వాయిదాల్లో తిరిగి కట్టాల్సిన అప్పులాంటిది, 2009లో ఇచ్చింది షరతుల మేరకు తిరిగి కట్టనక్కర్లేనిది. ఒకే పథకం, ఏడాది తేడాలో అర్థం మారిపోయింది.

గల్ఫ్‌లో ఉన్నవారికి

దుబాయ్‌లో 2008 సంక్షోభంలో ఇళ్ల ధరలు సగానికి పడిపోయాయి. తర్వాత మార్కెట్ నెమ్మదించిన ప్రతిసారీ అక్కడి బిల్డర్లు, ఇల్లు అప్పగించాక కూడా రెండు మూడేళ్లు వాయిదాల్లో కట్టే ప్లాన్లు, ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కు కట్టాల్సిన 4 శాతం ఫీజు తామే భరించడం లాంటివి ముందుకు తెచ్చారు. బ్యాంకు లేని వాయిదాలు కాబట్టి మన కుటుంబాలకు నచ్చుతాయి. కొనేముందు ఆ ప్రాజెక్టుకు 2007 చట్టం ప్రకారం ఎస్క్రో ఖాతా ఉందా, డబ్బు నేరుగా అందులోకే వెళ్తోందా అని చూడాలి. ఏజెంటు ఖాతాకు పంపమంటే అక్కడే ఆగాలి.

గల్ఫ్‌లోని హోటళ్లలో జరిగే ప్రాపర్టీ షోలలో హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్లూ ఉంటారు. షాద్‌నగర్, చేవెళ్ల వైపు గుంటల లెక్కన, మామిడి మొక్కలు ఫ్రీ, విమాన టికెట్ ఫ్రీ. అయితే ఫెమా నిబంధనల ప్రకారం ఎన్నారైలు ఇళ్లు, కమర్షియల్ ఆస్తులు కొనొచ్చు కానీ వ్యవసాయ భూమి, ఫామ్ హౌస్, తోటలు కొనకూడదు. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. అమ్మేవాడు ఈ మాట చెప్పడు, ఎందుకంటే ఇబ్బంది పడేది కొన్నవాడు.

పాతబస్తీలోనూ, శివారు కాలనీల్లోనూ అతి చవగ్గా వచ్చే స్థలాలది ఇంకో సమస్య. నోటరీ మీద అమ్మే ఇల్లు ఎంత తక్కువకు వచ్చినా అది రిజిస్టర్డ్ హక్కు కాదు. వక్ఫ్ భూమి అమ్మకమైతే అసలు చెల్లదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నిషేధిత జాబితా చూసుకుంటే, ఈసీ తీసుకుంటే ఇందులో చాలా మటుకు బయటపడుతుంది.

సేల్స్ ఆఫీసులో ఏం అడగాలి?

గిఫ్టులన్నీ తీసేస్తే రేటు ఎంతకిస్తారు అని ముందు అడగాలి. కుదరదంటే గిఫ్టు బ్రాండు, మోడల్, విలువ అన్నీ అగ్రిమెంట్‌లోనే రాయమనాలి. రిజిస్ట్రేషన్ ఫ్రీ అంటే, మార్కెట్ విలువలు పెరిగినా మొత్తం బిల్డరే భరిస్తాడా, లేక ఒక పరిమితి దాకానా అనేది కూడా అక్కడే తేలాలి. రెరా నంబర్ అడిగి, ఆఫీసులోనే ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి, అనుమతి ప్లానూ పూర్తి చేయాల్సిన తేదీ చూసుకోవాలి. బయానా ఇచ్చే రోజే, ఒప్పందం రద్దయితే ఎంత కోసుకుంటారో రాయించుకోవాలి. ఆఫర్ ఈ శుక్రవారంతో ముగుస్తుందని తొందరపెడితే, మార్కెట్ పడిపోయి ఉన్నప్పుడు వచ్చే శుక్రవారానికి ఇంకో ఆఫర్ వస్తుందన్న సంగతి సేల్స్‌మన్‌కు కూడా తెలుసు.

బ్రోచర్, వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్, ఏజెంటు పంపిన వాయిస్ మెసేజ్, ఏదీ తీసేయకూడదు. ప్రకటనలో చెప్పినదాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడిగే హక్కును రెరా చట్టం సెక్షన్ 12 ఇస్తుంది. చెప్పిన తేదీకి ఫ్లాటు ఇవ్వకపోతే డబ్బు వెనక్కి అడగడం సెక్షన్ 18 కిందికి వస్తుంది. ఫిర్యాదు రెరా వెబ్‌సైట్ నుంచే చేయొచ్చు. ఆ రోజు చేతిలో ఉండాల్సింది ఈ కాగితాలు, బ్యాంకు ద్వారా డబ్బు పంపిన రసీదులు.